పెరటి బండల మీద పాచి, తెల్ల మచ్చలు, జిడ్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది గుంటూరు బ్రాడీపేట. ఇంటి చుట్టూ, బావి దగ్గర, తులసి కోట దాకా నాన్న వేయించిన కడప బండలే. వానాకాలం వెళ్లేసరికి వాటి మీద పచ్చగా, నల్లగా, తెల్లగా రకరకాల మచ్చలు తేలతాయి. వాటిని పోగొట్టబోయి ఒకసారి నేనే సగం బండలు పాడు చేశాను. ఆ తర్వాత తాపీ మేస్త్రీలను, రాళ్లు అమ్మేవాళ్లను అడిగి, సొంతంగా చేసి చూసి నేర్చుకున్నవి ఇవి. వీధిలోవాళ్లు, విజయవాడలో ఉన్న మా చుట్టాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే అన్నీ ఒకచోట రాశాను.

బండ మీద ఉన్నది పాచా, మురికా, ఇంకేదైనానా? ఎలా తెలుస్తుంది?

ముందు వేలు పెట్టి చూడండి. పచ్చగా, జిగటగా ఉండి రుద్దితే వేలికి అంటుకునేది పాచి. పాకుడు అన్నా ఇదే. నీడ, తడి దొరికితే చాలు, పదిరోజుల్లో బండంతా కమ్మేస్తుంది. మనుషులు జారిపడేది ఎక్కువగా దీని మీదే. బండల సందుల్లో ముఖమల్ గుడ్డ పరిచినట్టు మెత్తగా పెరిగేది నాచు.

మసి పూసినట్టు నల్లగా ఉండి, ఎండాకాలంలో కూడా పోనిది చాలామంది మురికి అనుకుంటారు. ఎంత తోమినా పోవడం లేదని విసుక్కుంటారు. చాలాసార్లు అది కూడా ప్రాణమున్నదే, నీలి ఆకుపచ్చ శైవలం, అంటే పాచి లాంటిదే. మే నెల ఎండకు ఎండి రాయికి అతుక్కుపోతుంది, తొలకరి పడగానే మళ్లీ లేస్తుంది.

ఇక గుండ్రటి మచ్చలు. తెల్లగానో, బూడిద రంగులోనో, లేత పసుపుగానో ఉంటాయి. సున్నం చుక్క పడి ఆరినట్టు కనిపిస్తాయి. ఇవి లైకెన్లు. అనుమానంగా ఉంటే మచ్చ మీద కాసిని నీళ్లు చల్లి అయిదు నిమిషాలు ఆగండి. లైకెన్ అయితే చాలావరకు లోపలినుంచి పచ్చదనం తేలుతుంది. సున్నం మరక, పెయింటు మరక అలా మారవు. లైకెన్ అంటే ఒక శిలీంధ్రం (బూజు లాంటిది), ఒక శైవలం కలిసి బతికే జీవి. శిలీంధ్రం ఇల్లు కట్టి తడిని పట్టి ఉంచుతుంది, శైవలం ఎండతో వంట చేసి పెడుతుంది. బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే. అలాగని పెరట్లోది గీకి వంటలో వేయకండి, అది వేరే జాతి.

లైకెన్ రాయిని తినేస్తుందా? తప్పకుండా తీసేయాలా?

లైకెన్ సన్నటి పోగులు రాయి పైపొరలోకి దిగుతాయి, కొద్దిగా ఆమ్లం కూడా వదులుతాయి. కానీ ఆ పని చాలా నెమ్మది. పాచిలా పదిరోజుల్లో పరుచుకునేది కాదు, చాలా రకాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. అరచేతంత మచ్చ ఉందంటే అది ఏళ్ల తరబడి అక్కడే ఉందన్నమాట.

నా అభిప్రాయం అడిగితే, నడిచే దారిలో ఉన్నవి తీసేయండి. ప్రహరీ గోడ మీద, మొక్కల మధ్య అలంకారానికి పెట్టిన రాళ్ల మీద ఉన్నవి వదిలేయండి. చాలా రకాల లైకెన్లు గాలిలో గంధకపు పొగ ఎక్కువగా ఉంటే బతకలేవు. మీ గోడ మీద అవి దట్టంగా పెరిగాయంటే సంతోషించాల్సిన విషయమే.

మా ఇంట్లో వేసింది ఏ రాయో తెలియదు. తెలుసుకోవడం అంత అవసరమా?

అన్నిటికంటే అవసరం. మిగతా జవాబులన్నీ దీని మీదే ఆధారపడతాయి.

మన రెండు ఊళ్లలో పాత ఇళ్లలో కనిపించేవి ఎక్కువగా నాపరాళ్లు. నల్లటి కడప బండ, బేతంచెర్ల బండ, మాచర్ల బండ, తాండూరు నుంచి వచ్చే నీలం, పసుపు బండలు, ఇవన్నీ సున్నపురాయి కుటుంబమే. రంగు వేరు, గుణం ఒకటి. కొత్త ఇళ్లలో గ్రానైట్ వేస్తున్నారు, అందులో చీమకుర్తి నల్ల గ్రానైట్‌కు పేరెక్కువ. అపార్ట్‌మెంట్ల చుట్టూ, పార్కింగ్‌లో సిమెంటుతో పోసిన పేవర్ బ్లాకులు, పార్కింగ్ టైల్స్.

పరీక్ష చాలా తేలిక. ఎవరికీ కనపడని మూల, లేదా విరిగిన ముక్క ఒకటి తీసుకోండి. ఇనుప మేకుతో గీయండి. గీత పడి తెల్లటి పొడి రాలితే సున్నపురాయి. గ్రానైట్ అయితే రాయి తెగదు, మేకు అరిగిన మెరుపు గీత మాత్రం కనిపిస్తుంది. ఇంకా అనుమానం ఉంటే ఆ ముక్క మీదే నిమ్మరసం ఒక చుక్క వేసి, కాసేపయ్యాక తుడవండి. సన్నటి బుడగలు వచ్చినా, తుడిచిన చోట మెరుపు పోయి మసకబారినా అది సున్నపురాయే.

అమరావతి మహాస్తూపం శిల్పాలు చెక్కింది కూడా పల్నాటి సున్నపురాతిలోనే. చెన్నై మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఆ రాళ్ల మీద దాదాపు 2000 ఏళ్ల కిందటి ఉలి గీత ఇంకా కనిపిస్తుంది. మన పెరట్లో ఉన్నది ఆ రాతికి చుట్టమే. అంతకాలం నిలిచే రాయి యాసిడ్ దగ్గర మాత్రం నిమిషాల్లో ఓడిపోతుంది.

బాత్రూమ్ యాసిడ్ పోస్తే ఒక్క పూటలో తెల్లగా అయిపోతుందని అందరూ అంటారు. ఎందుకు వద్దంటున్నారు?

నేను చేసింది అదే. మా అమ్మ పొద్దున్నే తులసి కోట దగ్గరికి వెళుతూ పాచి మీద జారింది. మణికట్టు బెణికింది, అంతటితో పోయింది. ఆ కంగారులో హార్డ్‌వేర్ షాపుకి వెళితే అక్కడ పనిచేసే అబ్బాయి యాసిడ్ సీసాలు చేతిలో పెట్టాడు. తెచ్చి పోశాను. బండంతా బుసబుసా నురగ లేచింది. మురికి ఎలా పొంగి వచ్చేస్తోందో అనుకున్నాను.

ఆ నురగ బొగ్గుపులుసు వాయువు. యాసిడ్ తగిలిన సున్నపురాయి కరిగితే వచ్చేది అది. అంటే కొట్టుకుపోయింది మురికి కాదు, రాయి పైపొర. నీళ్లు పోసి కడిగాక, నిగనిగలాడే నల్లటి బండలు బూడిద చల్లినట్టు తెల్లబోయి, చెయ్యి వేస్తే గరుగ్గా తగిలాయి. ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, ఆ గరుకుదనంలో తడి, దుమ్ము బాగా నిలుస్తాయి. మరుసటి వానాకాలం యాసిడ్ పోసిన బండల మీదే పాచి ముందు పట్టింది. పోయని బండలు పక్కనే నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఇప్పటికీ మా పెరట్లో ఆ తేడా తెలుస్తుంది.

సిమెంటు పేవర్ బ్లాకులకూ ఇదే జరుగుతుంది. సిమెంటు పొర కరిగి లోపలి చిప్స్ బయటపడతాయి. గ్రానైట్ తట్టుకుంటుంది గానీ, బండల మధ్య పూసిన సిమెంటు తట్టుకోదు.

సరే, మరి ఎలా కడగాలి?

మొదట పొడిగా. పుల్లల చీపురుతో గట్టిగా ఊడ్చి, సందుల్లో ఉన్న మట్టి, గడ్డి వేర్లు తీసేయండి. తడిపాక ఊడిస్తే అదంతా బురదై మళ్లీ బండకే అంటుకుంటుంది.

తర్వాత నీళ్లు చల్లి అరగంట నాననివ్వండి. ఈ అరగంట చాలా విలువైనది. ఎండిన లైకెన్ రాయిలాగే గట్టిగా ఉంటుంది, నానితే ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు పాత ప్లాస్టిక్ స్కేలుతోనో, చెక్క ముక్కతోనో, కొబ్బరి చిప్ప అంచుతోనో పక్కకి నెట్టినట్టు గీకండి. చాలావరకు రేకుల్లా లేస్తుంది. ఇనుప బ్రష్ వాడకండి. గీతలు పడటమే కాదు, దాని సన్నటి ముళ్లు విరిగి సందుల్లో ఉండిపోతాయి, నాలుగు రోజులకు తుప్పు చుక్కలు తేలతాయి.

ఆ తర్వాత బకెట్ నీళ్లలో బట్టల సబ్బు పొడి గుప్పెడు కలిపి, గట్టి ప్లాస్టిక్ బ్రష్‌తోనో కొబ్బరి పీచుతోనో తోమి కడగండి. పచ్చటి పాచి, జిడ్డు, దుమ్ము ఇంతటితోనే పోతాయి. సగానికి పైగా ఇళ్లకు ఇంతకు మించి అక్కర్లేదు. ఇది చేసి, ఆరనిచ్చి, చూసుకుని, ఇంకా మిగిలిన చోటికే బ్లీచింగ్ దాకా వెళ్లండి.

బ్లీచింగ్ పౌడర్ ఎంత కలపాలి? అలాగే చల్లితే సరిపోదా?

పొడి చల్లితే దండగ. మురికి కాల్వల పక్కన తెల్లటి గీతలా చల్లడం చూసి మనకి అలవాటైంది గానీ, బండ మీద అది పనిచేయాలంటే నీళ్లలో కలిసి తడిగా కాసేపు ఉండాలి. పైగా పొడిలో ఉండే సున్నం బండ మీద తెల్లటి పూత కడుతుంది.

10 లీటర్ల బకెట్ నీళ్లకు 300 గ్రాములు కలపండి. ప్లాస్టిక్ బకెట్, చెక్క కర్ర వాడండి. అరగంట కదపకుండా ఉంచితే సున్నం అడుక్కి చేరుతుంది. పైన తేరిన నీళ్లే మగ్గుతో తీసి తడి బండ మీద పోసి బ్రష్‌తో పరవండి. ఇరవై నిమిషాలు ఉంచండి. మధ్యలో ఆరిపోతున్నట్టు కనిపిస్తే మరికాస్త పోయండి. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడగండి.

ఎండలో ఈ పని చేయకండి. క్లోరిన్ బలం ఎండకు విరిగిపోతుంది, నీళ్లూ ఆవిరైపోతాయి. తెల్లవారుజామున గానీ, సాయంత్రం ఎండ దిగాక గానీ మంచిది. పౌడర్ కొత్తది కొనండి. మూత తీసిన ప్యాకెట్ నెలల తరబడి ఉంటే అందులో సత్తువ ఉండదు. షాపుల్లో ద్రవంగా దొరికే సోడియం హైపోక్లోరైట్, 2020లో కరోనా వచ్చినప్పుడు వీధుల్లో కొట్టిన మందు, అది కూడా ఇదే పని చేస్తుంది, సున్నం బెడద ఉండదు. డబ్బా మీద రాసిన పాళ్లు చూసి కలపండి.

బ్లీచింగ్ సున్నపురాయిని కరిగించదు. కానీ రంగు కలిపి పోసిన పేవర్ బ్లాకులు వెలిసిపోవచ్చు. ముందు ఒక మూల చేసి, ఆరాక చూడండి.

లైకెన్ విషయంలో కొంచెం ఓపిక కావాలి. బ్లీచింగ్ తగిలిన రోజే అది చచ్చిపోయినా, వెంటనే ఊడి రాదు. మచ్చ అలాగే కనిపిస్తుంటే పని చేయలేదని టెన్షన్ పడి ఇంకా ఘాటుగా కలపకండి. రెండు మూడు వారాలు పోనిచ్చి మళ్లీ నానబెట్టి తోమండి, పొట్టులా లేచిపోతుంది. మొండివాటికి ఇంకోసారి.

బ్లీచింగ్, యాసిడ్ రెండూ కలిపితే ఇంకా బాగా పోతుందా?

ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఒకటి పోసి కడగకుండా దాని మీద ఇంకొకటి పోయడం కూడా కలపడమే. అమ్మోనియా ఉండే క్లీనర్లతో కూడా వద్దు. పొరపాటున ఘాటు వాసన వచ్చి కళ్లు మండితే అన్నీ అక్కడే వదిలేసి ముందు బయటి గాలిలోకి వెళ్లండి. పనిమనిషి చేత చేయిస్తుంటే ఈ మాట ఆమెకు మీరే నోటితో చెప్పండి.

పక్కనే తులసి, కరివేపాకు, మల్లె ఉన్నాయి. వాటికేమైనా అవుతుందా?

అవుతుంది, జాగ్రత్త పడకపోతే. మొదలు పెట్టే ముందే మొక్కల ఆకులను, పాదులను మంచినీళ్లతో బాగా తడపండి. తడిసి ఉన్న మట్టి బ్లీచింగ్ నీళ్లను అంతగా లోపలికి పీల్చుకోదు. కుండీలు పక్కకి జరపండి. నీళ్లు పాదుల్లోకి వెళ్లకుండా మట్టితో చిన్న గట్టు కట్టండి. తులసి కోట చుట్టూ రెండడుగుల మేర బ్లీచింగ్ వాడకుండా సబ్బు నీళ్లతో, చేత్తో తోమడమే మా ఇంట్లో పద్ధతి. బావి ఉన్నవాళ్లు వరల చుట్టూ కూడా ఇంతే.

ప్రెషర్ వాషర్ కొనొచ్చా?

పెద్ద ఆవరణ ఉంటే కొనొచ్చు, లేకపోతే అద్దెకు తెచ్చుకోవచ్చు. వెడల్పుగా విసనకర్రలా చిమ్మే నాజిల్ పెట్టి, బండకు అడుగు దూరం నుంచి, ఏటవాలుగా కొట్టండి. ఒకే చోట నిలిపితే మెత్తటి నాపరాయి పొరలు లేస్తాయి. పేవర్ బ్లాకుల సందుల్లో ఇసుక ఎగిరిపోతుంది. ఇసుక పోతే బ్లాకులు కదులుతాయి, కాబట్టి బాగా ఆరాక సన్న ఇసుక చల్లి సందుల్లోకి ఊడ్చి నింపాలి. ఇంట్లో వాడే మిషన్ నిమిషానికి అయిదారు లీటర్లు తాగుతుంది, అంటే గంటకు 300 లీటర్ల పైనే. ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు కొనుక్కునే వీధుల్లో ఇది ఆలోచించుకోవాల్సిన మాట.

నిమ్మకాయ, వెనిగర్, చింతపండు, ఉప్పు, మైలుతుత్తం లాంటి ఇంటి చిట్కాలు పనిచేస్తాయా?

మొదటి మూడూ పులుపు, అంటే ఆమ్లాలే. ఇత్తడి బిందెకు చింతపండు ఎంత మంచిదో కడప బండకు అంత చెడ్డది. ఉప్పు పాచిని ఎండగొడుతుంది, కానీ రాతిలోకి దిగి ఆరినప్పుడల్లా తెల్లగా పూస్తుంది, మొక్కల వేళ్లను చంపుతుంది. మైలుతుత్తం రైతులకు తెగుళ్ల మందు, పాచినీ చంపుతుంది గానీ నీలం మరకలు మిగులుతాయి, రాగి మట్టిలో పేరుకుంటుంది. నేను వాడను.

ఒక్క చిట్కా మాత్రం నిజంగా మంచిది. సలసల కాగే నీళ్లు. బావి గట్టు, మెట్లు, కుళాయి కింద బండ, ఇలా కొంచెం జాగాకు పాచి మీద నెమ్మదిగా పోసి తోమితే ఏ మందూ అక్కర్లేదు. కాళ్లకు బూట్లు వేసుకుని పోయండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

పాచి కాదు, బండి ఆయిల్, నేరేడు పళ్లు, పసుపు, తుప్పు మరకలు. వాటికేం చేయాలి?

ఆయిల్ పడగానే రుద్దకండి, పరుచుకుంటుంది. పొడి ముగ్గుపిండి గానీ, బూడిద గానీ మందంగా పోసి రాత్రంతా ఉంచి ఊడ్చేయండి. పాత మరకైతే ముగ్గుపిండిని బట్టల సోడా నీళ్లతో దోసెపిండిలా కలిపి పట్టించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పండి. ఒక రోజు తర్వాత కవరు తీసి పూర్తిగా ఆరనివ్వాలి. పిండి ఆరుతూ నూనెను పైకి లాగుతుంది. కార్తీక దీపాల నూనె మరకలకూ ఇదే.

నేరేడు పళ్ల మరక, నాటు బాదం ఆకుల గోధుమరంగు మరక పైన చెప్పిన బ్లీచింగ్ నీళ్లకు పోతాయి. పసుపు మరకకు ఎండే మందు, సబ్బుతో కడిగి వదిలేస్తే నాలుగైదు రోజుల్లో వెలిసిపోతుంది. తుప్పు కష్టం. దానికి అమ్మే మందులు చాలావరకు ఆమ్లాలే, గ్రానైట్ మీద అయితే సరే. నాపరాయి మీద తుప్పు పడితే మేస్త్రీని పిలిచి పైపొర పాలిష్ పట్టించడమే. ఇనుప కుండీ స్టాండ్ల కాళ్లకు రబ్బరు తొడుగులు ముందే వేసుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.

ఎంత కడిగినా ఆరగానే తెల్లటి పొడి తేలుతోంది.

అది పాచి కాదు, ఉప్పు. బోరు నీళ్లలోదో, బండ కింద పరిచిన సిమెంటులోదో నీటితో పాటు పైకి వచ్చి మిగిలిపోతుంది. నీళ్లు పోసి కడిగితే మళ్లీ లోపలికే వెళుతుంది. పొడిగా ఉన్నప్పుడు ఊడ్చి ఎత్తి పారేయండి. ఆఖరి కడుగుడుకు మున్సిపల్ నీళ్లు గానీ, పట్టి ఉంచిన వాన నీళ్లు గానీ వాడండి.

వరద బురద పట్టిన బండలు?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అక్కడున్న మా బంధువుల ఇంటికి వెళ్లి మేమూ చేతులు కలిపాం. ఆ రోజుల్లో తెలిసిందేమిటంటే, బురద తడిగా ఉన్నప్పుడే పలుగుపారతో, రబ్బరు వైపరుతో ఎత్తి తీసేయాలి. ఎండిందా, పొడిగానే గీకి ఊడ్చి తర్వాత కడగాలి. మురుగు కలిసిన నీళ్లు కాబట్టి ఆఖర్న బ్లీచింగ్ నీళ్లు తప్పనిసరి. చేతులకు గ్లవ్స్, కాళ్లకు గమ్ బూట్లు లేకుండా ఆ బురదలోకి దిగకండి.

ఏడాదిలో ఎప్పుడు కడగడం మంచిది?

ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గాక, ధనుర్మాసం ముగ్గులు మొదలయ్యేలోపు ఒకసారి. సంక్రాంతికి ఎలాగూ ఇల్లంతా దులుపుతాం. జూన్‌లో తొలకరికి ముందు ఇంకోసారి, సందులు శుభ్రం చేసేంత మటుకు. నడి ఎండాకాలంలో పెద్ద కడుగుడు పెట్టుకోవద్దు.

కడిగిన రెండు నెలలకే మళ్లీ వచ్చేసింది. ఎందుకు?

తడి ఎక్కడినుంచి వస్తోందో వెతకండి. ఏసీ పైపు చుక్కలు, ట్యాంకు పొంగడం, వాటర్ ఫిల్టర్ వదిలే నీళ్లు, కారే కుళాయి. మా ఇంట్లో ఏసీ పైపును బకెట్‌లోకి మళ్లించాక ఆ పక్కన పాచి మళ్లీ పట్టలేదు.

తర్వాత వాటం చూడండి. బండ మీద చెంబు నీళ్లు పోస్తే కాల్వ వైపు పారాలి. అయిదడుగులకు ఒక అంగుళం వాటం ఉంటే నీళ్లు నిలవవు. గుంట పడిన బండలను లేపి కింద ఇసుక సర్ది మళ్లీ వేయించడం మేస్త్రీకి ఒక పూట పని. కుండీలను స్టాండ్ల మీదికి ఎత్తండి. మామిడి, జామ కొమ్మలు కొంచెం కొట్టిస్తే పొద్దుటి ఎండ బండ మీద పడుతుంది. రోజూ పొద్దున పేడ కళ్లాపి చల్లేవాళ్లు మట్టి వాకిట్లో చల్లండి. బండల మీద అయితే పేడ సందుల్లో చేరి తడిని పట్టి ఉంచుతుంది, నాచుకు మంచి ఎరువవుతుంది.

కడిగాక నూనె రాస్తే కడప బండ నల్లగా మెరుస్తుందంటారు. సీలర్ (రాతికి తడి, మరకలు పట్టకుండా వేసే పూత) వేయించమంటారు. ఏది మంచిది?

నూనె వారం రోజుల ముచ్చట. తర్వాత దుమ్ము పట్టి జిగురవుతుంది, వాన పడితే జారుడు కూడా. సీలర్ వేయిస్తే రాతిలోకి ఇంకే రకం తీసుకోండి. పైన ప్లాస్టిక్ పొరలా మెరిసే రకం లోపలి తడిని బయటికి పోనివ్వదు, ఏడాది తిరిగేసరికి తెల్లగా బుడగలు కట్టి లేస్తుంది. ఏది వేసినా బండ అడుగుదాకా ఆరి ఉండాలి, మార్చి, ఏప్రిల్ దానికి సరైన కాలం. నేను యాసిడ్ పోసి పాడు చేసిన బండలకు మేస్త్రీ చేత సన్నగా పాలిష్ పట్టించి, రాతిలోకి ఇంకే రకం సీలర్ ఒక పూత వేయించాను. పాత నలుపు పూర్తిగా రాలేదు గానీ గరుకు తగ్గింది, పాచి పట్టడం చాలా తగ్గింది. నడిచే దారి కాబట్టి అద్దంలా పాలిష్ వద్దని ముందే చెప్పాను, మీరూ చెప్పండి. తులసి కోట దాకా ఉన్న మెట్టుకు మాత్రం ఉలితో అడ్డంగా సన్నటి గాట్లు పెట్టించాం, అమ్మ పాదం అక్కడ ఇప్పుడు గట్టిగా ఆనుతుంది.